సమస్యాపూరణం: "ఔటగుట మేలు గెలుపున కాటలోన"

అందరికీ వందనాలండి. ఈసారి సమస్య తేటగీతిలో ఇస్తున్నాను. ఔ–ఆ లకు యతి ("గెలుపునకు + ఆటలోన").

ఈ పాదం ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) గ్రౌండ్‌లో పుట్టింది. మొన్న శనివారం మా చర్చి సంఘం కుర్రాళ్లు అక్కడ బేస్‌బాల్ ఆడారు. ఆఖరి ఇన్నింగ్స్, స్కోరు సమం, అప్పటికి ఒక్కరే ఔట్, మూడో బేస్ మీద మనవాడు. బ్యాట్ పట్టింది అంతకుముందు రెండు పెద్ద షాట్లు కొట్టిన అబ్బాయి. ఈసారి బ్యాట్ అడ్డంగా పెట్టి, బంతిని మెల్లగా దొర్లించి మొదటి బేస్ వైపు పరుగెత్తి పడ్డాడు. ఔట్! ఈలోగా మూడో బేస్ వాడు హోమ్ ప్లేట్ తొక్కి గెలుపు పరుగు తెచ్చేశాడు. ఆ పరుగు తెచ్చినవాడు కేకలు వేయలేదు. నేరుగా ఔటైన అబ్బాయి దగ్గరికి వెళ్లి మోకాళ్లకు అంటిన ఎర్రమట్టి దులిపాడు. నా కళ్లు చెమర్చాయి.

దీన్ని శాక్రిఫైస్ బంట్ అంటారు. ఇలా ఔటైతే బ్యాటింగ్ సగటు తగ్గదు. ఆట నియమాలే ఈ త్యాగాన్ని గౌరవిస్తాయి. ఇక పూరించండి.

పెదవాల్తేరు అక్క:

బంతి మెల్లఁగ దొర్లించి బయటి కేగి
తోటి యాటగానిని యింటి దోవఁ బెట్టె
సిలువ నెక్కిన ప్రభువట్లె చేసెఁ గాదె
ఔటగుట మేలు గెలుపున కాటలోన

గాజువాక మాస్టారు: అక్కా, "ఇంటి దోవ" చాలా బాగుంది. కానీ మూడో పాదం దగ్గర మనసు ఒప్పుకోవడం లేదు. ఔటైన పిల్లవాడు మళ్లీ బ్యాట్ పడతాడు. సిలువ మీద ప్రభువు ప్రాణమే పెట్టాడు. "అట్లె" అనేస్తే రెండూ ఒకటే అయిపోవూ?

పెదవాల్తేరు అక్క: నిజమే మాస్టారూ, తొందరపడ్డాను. "సిలువ బాటకుఁ జిన్నదౌ చిహ్న మిదియె" అంటే?

గాజువాక మాస్టారు: ఇప్పుడు కుదిరింది, యతితో సహా. నా పూరణ ఇది. బైబిల్లో సామెతలు 24:16లో "నీతిమంతుడు ఏడుమారులు పడినను తిరిగి లేచును" అని ఉంది కదా, అదే ఆధారం. పదిసార్లు ఆడి మూడుసార్లు హిట్ కొడితే ఈ ఆటలో మంచి బ్యాటర్ కింద లెక్క. అంటే ఏడుసార్లు ఓడినవాడే! 1941లో .406 సగటు (అంటే పదింట నాలుగు హిట్లకు కాస్త పైన) సాధించిన అమెరికా ఆటగాడు టెడ్ విలియమ్స్ కూడా పదింట దాదాపు ఆరుసార్లు విఫలమైనవాడే.

పడిన నేడుమారులు లేచి బ్యాటుఁ బట్టి
మూఁడు కొట్టిన మేటియై మురియువాఁడు;
నేర్పు నోటమి వినయమ్ము నెమ్మదియును
ఔటగుట మేలు గెలుపున కాటలోన

నా మాట: మాస్టారూ, పరీక్ష తప్పి ఇంట్లో ముభావంగా కూర్చున్న మా అన్న కొడుక్కి రాత్రి ఈ పద్యం చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు.

భీమిలి తమ్ముడు: నాకిది మొదటి పద్యమండి, తప్పులుంటే చెప్పండి.

ఇంట మొదలైన పరుగు తా నింటఁ జేరు
ఇల్లు విడిచిన కొడుకట్లె తండ్రికడకు
నేను గొప్పను గర్వమ్ము నేలఁ గూలి
ఔటగుట మేలు గెలుపున కాటలోన

నా మాట: తమ్ముడూ, మొదటి పాదానికి చేతులెత్తి మొక్కాలి! బ్యాటర్ బయలుదేరేదీ హోమ్ ప్లేట్ దగ్గరే, మూడు బేస్‌లు దాటి పరుగు పూర్తిచేసేదీ అక్కడే. ఔట్ కావలసింది మనిషి కాదు, గర్వం అన్నావు. అది మాలో ఎవరికీ తట్టలేదు. రెండో పాదంలో మాత్రం "ఇ"కి "తం"తో యతి చెల్లదు. లూకా 15వ అధ్యాయంలోని ఆ కొడుకును మనం ఏమని పిలుచుకుంటాం? ఆ మాటే పెట్టి చూడు.

భీమిలి తమ్ముడు: "తప్పిపోయిన కొడుకట్లె తండ్రికడకు". సరిపోయిందా అండి?

పెదవాల్తేరు అక్క: సరిపోయింది నాన్నా. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ బంట్ కొట్టిన అబ్బాయి ముందు నువ్వే చదవాలి.