అప్‌డేట్: కమలా, దాల్చినచెక్క బన్నుల పిండి పొంగింది!

కమలా తొక్క, దాల్చినచెక్క పొడి వేసి కలిపిన బన్నుల పిండి ఎంతసేపటికీ పొంగడం లేదని మొన్న అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిందే నిజమండీ. దాల్చినచెక్క ఎక్కువైతే ఈస్ట్ మందగిస్తుంది. ఈసారి 500 గ్రాముల మైదాలో అర టీస్పూనే కలిపి, మిగతాది వెన్న, బెల్లంతో లోపల పూశాను. హైదరాబాద్ చలికి, ఆన్ చేయని ఓవెన్‌లో వేడినీళ్ల గిన్నె పక్కన పిండి పెట్టాను. చక్కగా రెట్టింపు అయింది!

తొక్కని తెల్లభాగం తగలకుండా పైపైన తురమండి, లేకపోతే చేదు. ఆ తురుముని చక్కెరలో వేసి వేళ్లతో నలుపుతుంటే నూనె దిగి, చక్కెర తడితడిగా నారింజ రంగుకి తిరిగింది. ఆ వాసన ఎంత బాగుందో! ఈ బన్నుల్లో వేసే యాలకులు మాత్రం అస్సలు తగ్గించొద్దు. పొద్దున్నే మా అత్తయ్య చాయ్‌తో రెండు తిన్నారు. అందరికీ చాలా థ్యాంక్స్.