కరెంటు దొరకని చోట క్యాంపర్ వ్యానులో రాత్రి ఉక్కపోతను తగ్గించుకోవడం ఎలా?

ప్రశ్న (హైదరాబాదు నుంచి ఒక యాత్రికుడు)

నమస్కారం. పాత టెంపో ట్రావెలర్‌ను కొని, సీట్లు తీయించి, రెండు మంచాలు, చిన్న వంటగట్టు అమర్చుకుని రెండేళ్లుగా కుటుంబంతో తిరుగుతున్నాము. చలికాలంలో ఏ ఇబ్బందీ రాలేదు గాని, క్రిందటి మే నెలలో సూర్యలంక తీరాన గడిపిన రాత్రి మాత్రం నరకమే అయింది. రెండు గంటల వేళ మా అమ్మగారు దిండు చేత పట్టుకుని బయటికి వచ్చి ఇసుకలో కూర్చున్నారు. తెల్లవారేదాకా మళ్లీ లోపలికి రానన్నారు. బండిలో 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, 400 వాట్ల సోలార్ పలకలు, చిన్న ఫ్రిజ్, లోపలి గాలిని పైకప్పు గుండా బయటికి తోసే ఫ్యాను ఉన్నాయి. ఈ వేసవిలో గండికోటలో ఒక రాత్రి, హార్సిలీ కొండలపై రెండు రాత్రులు, తిరుగు దారిలో సూర్యలంకలో ఒక రాత్రి ఉండాలని అనుకుంటున్నాము. చిన్న ఏసీ పెట్టించుకోవడం మంచిదా, లేక రాత్రంతా ఇంజను నడుపుతూ బండి ఏసీనే వేసుకోవచ్చా?

మొదటి జవాబు

ఇంజను ఆలోచన దయచేసి మానుకోండి. ఆగి ఉన్న బండిలో ఇంజను గంటల తరబడి నడిస్తే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఏ సందులోనుంచైనా లోపలికి చేరవచ్చు. దానికి రంగూ వాసనా లేవు కనుక నిద్రలో ఉన్నవారికి తెలియనే తెలియదు. కిటికీ పక్కన జనరేటరు పెట్టుకున్నా ఇదే ప్రమాదం.

ఇక ఏసీ లెక్క చూద్దాము. మీ బ్యాటరీలో 2,560 వాట్ అవర్లు ఉన్నాయి. అడుగంటా వాడకుండా కొంత మిగిల్చి, ఇన్వర్టర్‌లో పోయేది కూడా తీసేస్తే, చేతికి అందేది 2,000కు కాస్త అటూ ఇటూ. చిన్న ఏసీ సగటున 500 వాట్లు తీసుకున్నా నాలుగు గంటలే వస్తుంది. అంటే పది గంటలకు వేస్తే, సరిగ్గా మీ అమ్మగారు దిండు పట్టుకుని బయటికి వచ్చిన వేళకే ఆగిపోతుంది! మర్నాడు మంచి ఎండ కాసినా 400 వాట్ల పలకలు 1,600 నుంచి 2,000 వాట్ అవర్ల వరకే ఇవ్వగలవు, అందులో ఫ్రిజ్ వాటా ఒకటి. అదే 30 వాట్ల ఫ్యానులు రెండు ఎనిమిది గంటలు తిరిగితే అయ్యేది 480 మాత్రమే. ఆ డబ్బు నేనైతే మంచి ఫ్యానులకూ పైకప్పు లోపలి థర్మాకోల్ పొరకూ పెడతాను.

రెండవ జవాబు

పై లెక్కతో ఏకీభవిస్తాను. అయితే గండికోటకూ సూర్యలంకకూ ఒకే మందు పనిచేయదు. గండికోటలో గాలి పొడిగా ఉంటుంది కనుక మన తాతల కాలం నాటి వట్టివేళ్ల తడిక ఇప్పటికీ దివ్యంగా పనిచేస్తుంది. పైకప్పు ఫ్యాను గాలిని బయటికి తోస్తుండగా, కిటికీలన్నీ మూసి, పడుకున్నవారి తల దగ్గరి కిటికీ ఒక్కటే తెరిచి దానికి తడిపిన తడిక కట్టండి. లోపలికి వచ్చే గాలి అంతా ఆ తడిలోనుంచే రావాలి. చాలామంది చేసే పొరపాటు అన్ని కిటికీలూ తెరవడం. అప్పుడు ఫ్యాను తనకు దగ్గరలో ఉన్న కిటికీ గాలినే లాక్కుంటుంది, మంచం మీదికి ఏమీ రాదు. అనుమానముంటే దిండు పక్కన ఒక అగరుబత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూడండి.

సముద్రతీరంలో తడిక కట్టారో, ఉక్క రెట్టింపు అవుతుంది. అక్కడ గాలిలోనే తేమ నిండి ఉండడంతో చెమటే ఆరదు, ఇక తడిక ఏం ఆరుతుంది? అక్కడ కదిలే గాలి ఒక్కటే దిక్కు. సాయంత్రం సముద్రం వైపునుంచి వీచే గాలి రాత్రి పొద్దుపోయాక తగ్గి, ఒక్కోసారి నేలవైపునుంచి మళ్లుతుంది కనుక, పడుకునే ముందు ఒకసారి బయట నిలబడి చూసుకుని, వెనుక తలుపు గాలికి ఎదురుగా ఉండేలా బండిని తిప్పుకోండి.

హార్సిలీ కొండలపై మీకు ఈ బాధ అంతగా ఉండదు. ఎత్తు సుమారు 1,260 మీటర్లు. వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుందన్న లెక్కన చూసినా, సముద్రమట్టం కంటే ఎనిమిది డిగ్రీలు చల్లగా ఉండాలి. నన్నడిగితే సూర్యలంక రాత్రిని కూడా కొండ మీదే గడిపేయండి.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న ఇంటి ముందే పరీక్షించాను. రాత్రి తొమ్మిదింటికి బయట 32 డిగ్రీలు ఉంటే, పగలంతా మూసి ఉంచిన బండిలో 38 ఉంది. పైకప్పు రేకు సంగతి అటుంచితే, పరుపు కిందికి చెయ్యి పోనిస్తే అట్టు తీసిన పెనంలా వెచ్చగా తగిలింది. ఒకే కిటికీ పద్ధతిలో గంటన్నరకు 33కు దిగింది. అయితే తలుపు తెరవాలంటే దోమలు ఉన్నాయి, కిటికీకి తెర కట్టగానే గాలి సగానికి సగం తగ్గినట్టు అనిపించింది.

మూడవ జవాబు

ఆ వేడి పరుపులోనూ ప్లైవుడ్‌లోనూ పగలంతా దాగిన వేడి. పొద్దు వాలగానే తలుపులన్నీ తెరిచి, పరుపులు బయట ఆరేసి, వంట కూడా బయటే చేసుకోండి. ఇద్దరు ముగ్గురు మనుషులు పడుకుంటే వారి ఒంటి వేడే ఒక్కొక్కరిది 70, 80 వాట్లు ఉంటుంది, దానికి పొయ్యి వేడి కూడా తోడు కాకూడదు. దోమతెర విషయంలో, చిన్న కిటికీకి బిగించి కట్టకుండా, వెనుక తలుపు మొత్తానికి బయటివైపు గుడారంలా వదులుగా వేలాడదీసి అంచులకు అయస్కాంతాలు కుట్టించండి. తెర వైశాల్యం పెరిగినకొద్దీ గాలికి అడ్డు తగ్గుతుంది. మా బండికి ఒక పాత మంచపు దోమతెరనే కత్తిరించి దర్జీ చేత కుట్టించాము, కుట్టుకూలి తప్ప మరే ఖర్చూ కాలేదు.