అప్‌డేట్: అర్ధరాత్రి దాటే షిఫ్టుల లెక్క కుదిరింది

మా హాజరు పట్టికలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఉండే షిఫ్టుకు పని గంటలు మైనస్ 16 (6 లోంచి 22 తీసేస్తే వచ్చేది) అని వస్తున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, ఇప్పుడు సరిగ్గా 8 వస్తున్నాయి. షిఫ్టు మొదలు, ముగింపు రెండింటినీ టైమ్‌స్టాంప్‌లుగా, అంటే తేదీ, సమయం కలిసి ఉండే విలువలుగా మార్చాను. పాత రికార్డుల్లో ముగింపు సమయం మొదలు కంటే తక్కువ ఉన్నచోట ముగింపు తేదీకి ఒక రోజు కలిపాను. 24 గంటలు, అంతకు మించిన షిఫ్టులు ఉన్నవాళ్లకు మాత్రం ఈ చిట్కా పనికిరాదు.

హాజరు ఏ రోజు ఖాతాలో పడాలన్నదే అసలు చిక్కు. అందుకే షిఫ్టు తేదీకి విడిగా ఒక కాలమ్ పెట్టాను. ఫలానా రోజు ఎవరెవరు పనిలో ఉన్నారో తీయడానికి, షిఫ్టు మొదలు మర్నాటి 00:00 కంటే ముందు, ముగింపు ఆ రోజు 00:00 తర్వాత ఉండాలన్న షరతు చాలు. మొదలును మాత్రమే చూస్తే ముందురోజు రాత్రి డ్యూటీ ఎక్కినవాళ్లు జారిపోతారు. దారి చూపినవాళ్లందరికీ చాలా థ్యాంక్స్.