దొంగే కథ చెబితే వినాలా? ‘ఎల్లోఫేస్’ మీద చర్చ

అబిడ్స్ ఆదివారం:
ఆర్.ఎఫ్. క్వాంగ్ నవల ‘ఎల్లోఫేస్’ (2023) నిన్న రాత్రి పూర్తి చేశాను. చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. జూన్ పేరు రాని రచయిత్రి, ఆమె స్నేహితురాలు ఎథీనా బాగా పేరున్న రచయిత్రి. ఎథీనా జూన్ కళ్లెదుటే పాన్‌కేక్ గొంతుకు అడ్డం పడి చనిపోతుంది. ఆమె టైప్ చేసి పెట్టుకున్న నవలను జూన్ పట్టుకుపోయి, దిద్ది, తన పేరుతో అచ్చు వేయించుకుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్‌ల కోసం పనిచేసిన సుమారు 1,40,000 మంది చైనా కూలీల కథ అది. ‘ఎల్లోఫేస్’ను మాత్రం మొదటి నుంచి చివరిదాకా జూనే చెబుతుంది. ఎథీనా ఎలాంటిదో కూడా ఆమె నోటి నుంచే వినాలి. చనిపోయిన మనిషిని రెండోసారి దోచుకున్నట్టు అనిపించి నాకు చాలా బాధ కలిగింది.

కృష్ణానగర్ రచయిత:
నేను ఒప్పుకోనండీ. సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో ఆరేళ్లు ఘోస్ట్‌గా, అంటే నా పేరు లేకుండా వేరేవాళ్ల కోసం రాశాను. ఒక సినిమాకు నాలుగు నెలలు స్టోరీ సిట్టింగ్స్‌లో కూర్చున్నాను, సెకండాఫ్ వెర్షన్ మొత్తం నాదే. టైటిల్ కార్డులో నా పేరు లేదు. నా సీన్లు తీసుకున్న ఆయన నాతో ఏనాడూ అబద్ధం చెబుతున్నట్టు మాట్లాడలేదు. మొదట్లో ‘నువ్వు రాసింది కాస్త సరిచేశాను’ అన్నారు. నెల తర్వాత అది ‘మనం కూర్చుని రాశాం’ అయింది. ఇంటర్వ్యూలో ‘ఆ సీన్ రాస్తున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది’ అన్నారు. నిజంగా నమ్మే అన్నారని నా అభిప్రాయం.

జూన్ కూడా అంతే. ముందు కేవలం దిద్దుతున్నాననుకుంటుంది, తర్వాత సగం కష్టం తనదంటుంది, చివరికి ఆ పుస్తకమే తనదవుతుంది. ఈ జారుడు బయట నిలబడి చూస్తే కనిపించదు. దొంగ బుర్రలో కూర్చోబెడితేనే తెలుస్తుంది. జూన్ మీద నాకు జాలి కలిగిన చోట పుస్తకం మూసేసి కాసేపు నడిచొచ్చాను.

మల్కాజిగిరి పాఠకురాలు:
ఎథీనా కూడా ఏమంత మంచిది కాదు కదండీ. కాలేజీలో జూన్‌కు జరిగిన ఘోరాన్ని అడిగి తెలుసుకుని, చెప్పకుండా కథ రాసేసింది.

కృష్ణానగర్ రచయిత:
ఆ పని తప్పే, నాకూ కోపం వచ్చింది. కానీ రెండూ ఒకటి కావు. ఒకరి అనుభవం తీసుకుని ఎథీనా తన వాక్యాలు తాను రాసుకుంది. జూన్ తీసుకున్నది వాక్యాలనే. మన చట్టం కూడా ఆలోచనకు కాపీరైట్ లేదంటుంది, సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. రాసిన రాతకు మాత్రం ఉంది.

మల్కాజిగిరి పాఠకురాలు:
ముక్కు మీద పద్యం గుర్తొచ్చింది. అది నంది తిమ్మన రాసిందనీ, రామరాజభూషణుడు వరహాలిచ్చి కొని వసుచరిత్రలో పెట్టుకున్నాడనీ చెప్పుకుంటారు. ఒట్టి చాటుకథే కావచ్చు. అయినా పద్యం అవతలి కావ్యంలో ఉన్నా మన జనం ‘ముక్కు తిమ్మన’ అనే పిలుస్తున్నారు. ఆ పేరు వదల్లేదు చూడండి, నాకది చాలా ఇష్టం.

అబిడ్స్ ఆదివారం:
జారుడు గురించి మీరన్నది ఒప్పుకుంటున్నానండీ, మొదటి అధ్యాయాలు మళ్లీ తిరగేశాను. ఒక్క కోరిక మాత్రం మిగిలింది. ఎథీనా రాసిన ఒక అధ్యాయమైనా రాసింది రాసినట్టు మన చేతికిచ్చి ఉంటే, ఎవరిది ఎంతో మనమే పోల్చుకునేవాళ్లం.

కృష్ణానగర్ రచయిత:
అలా పోల్చుకోవడానికి నా దగ్గరా ఏమీ లేదండీ. తెల్లకాగితాల మీద చేత్తో రాసి ఇచ్చేశాను, ఫొటో కూడా తీసుకోలేదు. ఆ సినిమా టీవీలో వస్తే మా అమ్మకు చూపించి, ‘ఇది నేను రాసిన సీన్’ అంటాను. అమ్మ నమ్ముతుంది.