పక్షవాతం అనుమానం వస్తే ఇంట్లోనే ఆస్పిరిన్ వెయ్యొచ్చా?

పెద్దకోడలు:
పోయిన నెల మా మామయ్యగారు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయారు. కుడిచేతి వేళ్లకి గుండీ చిక్కడం లేదు. ఏమైందని అడిగితే మాట ముద్దగా వచ్చింది, మూతి ఒక పక్కకి జారింది. మా ఆయన మందుల డబ్బా అంతా వెతికి ఆస్పిరిన్ తెచ్చి నోట్లో వెయ్యబోతే నేను పడనివ్వలేదు. తీరా ఆస్పత్రిలో రక్తపు గడ్డ అడ్డుపడి మెదడులో రక్తనాళం మూసుకుపోయిందని తేలింది. "చూశావా, అప్పుడే వేసుంటే ఇంత అయ్యేదా" అని ఆయన ఇప్పటికీ దెప్పుతున్నారు. మీరేమంటారు?

సూటిమాట:
మీవారిదే కరెక్టండీ. గుండెపోటుకి ఆస్పిరిన్ నమలమంటారు కదా. అక్కడా గడ్డే, ఇక్కడా గడ్డే. పక్షవాతాల్లో ఎక్కువ భాగం గడ్డవల్లే వస్తాయి. చివరికి ఆస్పత్రిలోనూ అదే ఇస్తారు.

నైట్‌డ్యూటీ:
ఎమర్జెన్సీలో నర్సుని. ఇస్తాం, నిజమే. కానీ సీటీ స్కాన్ చూశాక. మెదడులో నాళం మూసుకుపోయినా, చిట్లినా బయటికి కనిపించేది అదే వంకర మూతి, అదే పడిపోయిన చెయ్యి. మనిషిని చూసి రెంటిలో ఏది జరిగిందో చెప్పడం ఎంత పెద్ద డాక్టరు తరమూ కాదు. చిట్లినవాళ్లకి ఆస్పిరిన్ పడితే రక్తస్రావం పెరగొచ్చు. పైగా మాట ముద్దగా ఉందంటే మింగుడు కూడా దెబ్బతిని ఉండొచ్చు. మాత్రా నీళ్లూ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. అందుకే మింగగలరో లేదో పరీక్షించేదాకా నోట్లో ఏమీ వెయ్యం.

ఇంకోటి, ఆస్పిరిన్ మూసుకున్న నాళాన్ని తెరవదు. మళ్లీ గడ్డ రాకుండా కాపాడుతుంది, అంతే. తెరిచేది గడ్డ కరిగించే ఇంజెక్షన్. మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు పడాలి. పెద్ద నాళమైతే తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డని లాగేస్తారు, కొందరికి 24 గంటల వరకూ. ఇంజెక్షన్ ఇచ్చాక ఒక రోజు దాకా మామూలుగా మేమే ఆస్పిరిన్ ఆపుతాం.

సూటిమాట:
మరి రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్లకి ఆ ఇంజెక్షన్ ఇవ్వరా?

నైట్‌డ్యూటీ:
ఇస్తారు, మంచి ప్రశ్నే. ఆస్పిరిన్ ఒక్కటే కారణంగా ఆపరు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ లాంటి మందులు వేరే సంగతి, అవి వాడుతుంటే రాగానే చెప్పాలి. నా బాధ మాత్ర గురించి కాదు, దాన్ని వెతకడంలో పోయే టైమ్ గురించి. పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో లెక్క కట్టారు.

సూటిమాట:
సరే, సీటీ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఆస్పత్రి గంటల దూరంలో ఉన్నవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలా?

నైట్‌డ్యూటీ:
అంబులెన్సుకి ఫోన్ చేసి వాళ్లు చెప్పింది చెయ్యాలి. దూరం ఎక్కువైనంత మాత్రాన లోపల చిట్లిందో మూసుకుందో తెలిసిపోదు కదా.

పెద్దకోడలు:
డాక్టరు మమ్మల్ని మూడుసార్లు అడిగింది ఒక్కటే, ఆయన చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడని. అప్పట్నుంచే గడియారం మొదలట. ఆరున్నరకి కళ్లజోడు ఎక్కడుందని నన్ను స్పష్టంగా అడిగారు, అది గుర్తుండబట్టి సరిపోయింది. ఇంజెక్షన్ టైమ్‌కి పడింది. ఇప్పుడు గుండీలు ఆయనే పెట్టుకుంటున్నారు, పై గుండీ ఒక్కటే ఇంకా కుదరడం లేదు. ఇదంతా మా ఆయనకి చదివి వినిపించాను. మందుల డబ్బాలోంచి ఆస్పిరిన్ తీసేద్దామా అంటే మాత్రం ఊరుకోవడం లేదు.