ఊడ్చిన చేలో రాత్రి సీను: వెలుగు ఈ లోకానిది కాదనిపించాలంటే?

కోనసీమ_ఫ్రేమ్:
సైన్స్ ఫిక్షన్ షార్ట్ ఫిల్మ్ అండి. అమలాపురం దగ్గర ఊడ్చిన చేలో, అంటే వరినాట్లు వేసి నీళ్లు నిలబెట్టిన చేలో సీను. తండ్రి, వెనకాలే కూతురు గట్టు మీద వస్తుంటారు. వాళ్ల వెనక నీళ్ల మీద ఏదో దిగుతుంది. ఆ వస్తువు కనపడదు, వెలుగొక్కటే కనపడాలి. 150 వాట్ల ఎల్ఈడీలు రెండు, ఆర్‌జీబీ (రంగులు మార్చుకునే) ట్యూబులు రెండు, ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24, 85 ఎంఎం లెన్సులు ఉన్నాయి. టెస్టు షాట్లు పెళ్లి వీడియోలా వస్తున్నాయి. మనుషుల వెనక చీకటి తప్ప ఏమీ లేదు. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలి, లైటు ఎక్కడ పెట్టాలి?

భీమవరం_లైట్స్:
లైటు మనుషులకి ముందు, దగ్గరగా పెట్టి ఉంటారు. రెండు మీటర్ల నుంచి ఒక మీటరుకు జరిగితే ముఖం మీద వెలుగు నాలుగింతలవుతుంది. ఒక్క అడుగు వేసినా తేడా తెలిసిపోతుంది, దీపం పక్కనే ఉందని చూసేవాడు పట్టేస్తాడు. అదే ఆరు మీటర్ల నుంచి ఐదుకు వస్తే అర స్టాప్ మాత్రమే మారుతుంది (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం). పెద్దది, దూరానిది అనిపించాలంటే లైటు దూరం జరపాలి.

దాన్ని తండ్రికి 20 అడుగుల వెనక, వెదురు బొంగుకు కట్టి 12 అడుగుల ఎత్తున పెట్టండి. ఐదున్నర అడుగుల మనిషి నీడ ముందుకు 17 అడుగులు పడుతుంది. తాడుతో మెల్లగా 9 అడుగులకు దించితే అదే నీడ 31 అడుగులకు సాగుతుంది. ఏదో కిందకి దిగుతోందని చెప్పడానికి ఇంతకంటే మంచి దారి లేదు. తండ్రి వెనక్కి చూడనక్కర్లేదు, తన నీడ సాగడం చూసి ఆగుతాడు. దించేటప్పుడు బొంగు ఊగితే నీడ వణికి గుట్టు బయటపడుతుంది. రెండో తాడుతో పక్కకి లాగి పట్టండి. లైటు ముందు వెలుగును మెత్తబరిచే డిఫ్యూజన్ గుడ్డ తీసేయండి, లేకపోతే నీడకి అంచు ఉండదు.

వెనకున్న చీకటికి మందు సంధ్యవేళే. సూర్యుడు దిగాక ఇరవై నిమిషాల్లోపు పడమటి వైపు తిరిగి లాంగ్ షాట్లు తీసేయండి. కొబ్బరి చెట్ల వరస ఆకాశం మీద నల్లగా నిలబడుతుంది, నీళ్లలో మళ్లీ కనిపిస్తుంది. రిహార్సల్ అంతా ఎండ ఉండగానే అయిపోవాలి. క్లోజప్‌లు చీకటి పడ్డాక తీసుకోవచ్చు.

నర్సాపురం_కట్స్:
నీడ లెక్క బాగుంది. 24 ఎంఎంతో మాత్రం వద్దు, అది వెడల్పుగా చూస్తుంది గనక లైటు ఫ్రేమ్‌లోకి వచ్చేస్తుంది. 85 పెట్టి కెమెరాను గట్టుకు సూటిగా, తండ్రికి 30 అడుగుల ముందు, నీళ్లకి అడుగున్నర ఎత్తులో ఉంచండి. ఫ్రేమ్ వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లుండేలా కత్తిరిస్తే (1920కి 804) లైటు 9 అడుగులకు దిగినా పై అంచు దాటి రాదు. నీడ కూడా సరిగ్గా కెమెరా దాకా వస్తుంది.

గట్టు ఒక మనిషి నడిచేంతే ఉంటుంది. పక్క నుంచి తీస్తే ఇద్దరూ ఒకే గీత మీద బొమ్మల్లా కనపడతారు, లోతుండదు. ఎదురుగా తీస్తే ఒకరి వెనక ఒకరు పడతారు. కూతురు అరడుగు పక్కకి జరిగి నిలబడాలి, లేదంటే తండ్రి వెనక దాగిపోతుంది. ముందు ఆ పిల్ల తిరగాలి, తండ్రి తర్వాత. ఇద్దరి చూపూ ఒకే చోట పడేలా 15 అడుగుల బొంగు చివర తెల్లగుడ్డ కట్టండి.

రంగు సంగతి. ఊళ్లో బల్బు నారింజ, సినిమాల్లో వెన్నెల నీలం. ఆ రెండూ వాడొద్దు. ఆకుపచ్చ వేస్తే వరి మామూలు వరిలాగే ఉంటుంది. ట్యూబుల్ని మెజెంటాలో (ఎరుపు, నీలం కలిసిన రంగు) పెట్టి ముందు వరస నారు మీద వేయండి. అందులో ఆకుపచ్చ లేదు గనక ఆకులు నల్లబడతాయి, ముఖాలు మాత్రం బతికే ఉంటాయి. అలవాటైన చేను అలవాటు లేనిదవుతుంది. అయితే రెడ్ ఛానల్ ముందే పగిలిపోతుంది (ఎరుపు మితిమీరి వివరం పోతుంది), మామూలు మీటరులో తెలియదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ వేవ్‌ఫామ్ గ్రాఫ్ చూస్తూ ఒక స్టాప్ తగ్గించండి.

కోనసీమ_ఫ్రేమ్:
క్లోజప్‌లో ముఖం మీద నీళ్ల వెలుగు కదలాలంటే? లైటు నీళ్లలో ముంచాలా?

భీమవరం_లైట్స్:
వద్దు. కరెంటు లైటు నీళ్లలో పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. పైగా మన బురద నీళ్లలో వెలుగు రెండడుగులు కూడా పైకి రాదు. వెడల్పాటి పళ్లెంలో రెండంగుళాల నీళ్లు పోసి, అడుగున అద్దం ముక్కలు పరిచి, గట్టు మీద పొడిచోట పెట్టండి. ఎల్ఈడీని ఏటవాలుగా కొట్టండి. ముఖం మీద అలలు ఆడతాయి. పళ్లాన్ని వేలితో తాకితే చాలు, ఊపితే డిస్కో అవుతుంది.

లైట్లన్నీ బ్యాటరీ మీదే నడపండి, బోరు మోటారు లైను నుంచి తీగ లాగొద్దు. 150 వాట్‌అవర్ బ్యాటరీ ఫుల్లు మీద గంట కూడా రాదు, స్పేర్లు ఉంచుకోండి. ఊరి వీధిలైటు ఫ్రేమ్‌లో ఉంటే షట్టర్ 1/48 కాకుండా 1/50 పెట్టండి, మన 50 హెర్ట్జ్ కరెంటుకి మినుకు రాదు.

నర్సాపురం_కట్స్:
ఒకటి మర్చిపోకండి: దాళ్వా (రబీ వరి) ఊడ్పుల్లో, జనవరిలో తీయండి. నీళ్లు నిలబడి ఉంటాయి, వాన భయం తక్కువ. నారు దుబ్బు కట్టాక అద్దంలాంటి నీరు కనపడదు. ఏప్రిల్ దాటితే కాలువలు కట్టేస్తారు, చేను ఎండిపోతుంది.