34 ఏళ్ళాయన విద్యార్థి నాయకుడా? ఆర్పాద్ గోంట్స్ గురించి ఒక సందేహం

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. సోమవారం సెమినార్‌లో హంగరీ మాజీ అధ్యక్షుడు ఆర్పాద్ గోంట్స్ గురించి పది నిమిషాలు మాట్లాడాలి. "1956లో విద్యార్థి నాయకుడిగా జైలుకెళ్ళారు" అని రాసుకుంది. ఆయన పుట్టింది 1922లో. లెక్కేస్తే అప్పటికి 34 ఏళ్ళు! లెక్చరర్ అడుగుతారేమోనని దానికి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు: రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయండి. విద్యార్థి ఉద్యమం 1944 నాటిది. సైన్యంలో ఉన్న గోంట్స్, తన దళాన్ని జర్మనీకి పంపుతున్నారని తెలిసి తప్పించుకుని, నాజీలపై పోరాడుతున్న విద్యార్థులతో కలిశారు. అప్పటికే లా డిగ్రీ చేతిలో ఉంది. తర్వాత కమ్యూనిస్టులు ఆయన పార్టీని లేకుండా చేస్తే వెల్డింగ్ పని, పైపుల పని చేసి బతికారు. 1952లో గొడొల్లో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరారు. కాబట్టి 1956లోనూ విద్యార్థే, నాయకుడు మాత్రం కాదు. ఆ ఏడాది కమ్యూనిస్టు ప్రభుత్వంపై తిరుగుబాటుకి దారితీసిన అక్టోబర్ 23 ఊరేగింపుకి ఊపిరి పోసింది బుడాపెస్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం కుర్రాళ్ళు రాసిన 16 డిమాండ్లు.

ప్రశ్న: మరి ఆయనకి యావజ్జీవ జైలుశిక్ష ఎందుకు పడిందండీ?

జవాబు: అసలు కథ ఇదే, పది నిమిషాల్లో ఆరు దీనికే ఇమ్మనండి. తిరుగుబాటుని అణచడానికి నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు దిగాక, మంత్రి ఇష్ట్వాన్ బిబో ఒక రాజీ ప్రతిపాదన రాశారు. డిసెంబర్‌లో దాన్ని గోంట్స్ తీసుకెళ్ళి ఇచ్చింది ఎవరికనుకున్నారు? మన రాయబార కార్యాలయానికి! రాయబారి కె.పి.ఎస్. మీనన్ మాస్కోలో ఉండి హంగరీ కూడా చూసేవారు. బుడాపెస్ట్‌లో ఉన్నది ఎం.ఎ. రహ్మాన్. నెహ్రూ మాస్కోకి నచ్చజెబుతారని వాళ్ళ ఆశ. ఐక్యరాజ్యసమితిలో నవంబర్ 9న, హంగరీలో ఎన్నికలు కోరిన తీర్మానానికి మనం వ్యతిరేకంగా ఓటేశాం. అయినా మన గుమ్మమే తొక్కారు, అదీ విచిత్రం.

దానికి తోడు తిరుగుబాటు నాటి ప్రధాని ఇమ్రె నాజ్ రాతప్రతిని దేశం దాటించడంలో కూడా గోంట్స్ చెయ్యి ఉంది. 1957 మేలో అరెస్ట్. 1958 జూన్ 16న నాజ్‌ని ఉరితీశారు. ఆగస్టు 2న గోంట్స్‌కి, బిబోకి యావజ్జీవం, అప్పీలుకి వీల్లేకుండా.

ఇంకొకరి జవాబు: జైల్లో ఇంగ్లీషు నేర్చుకున్న సంగతి వదలొద్దు. 1960లో వాత్స్ జైలు నిరాహార దీక్షలోనూ ఉన్నారు. 1963 క్షమాభిక్షతో బయటికొచ్చాక ఆ ఇంగ్లీషే కూడు పెట్టింది, అనువాదకుడయ్యారు. అధ్యక్ష పదవి 1990 నుంచి 2000 వరకు.

ప్రశ్న: చాలా థాంక్సండి. ఒక చోట "గోంట్స్ ఆర్పాద్" అని ఉంది, అది తప్పా?

జవాబు: తప్పేం కాదు, వాళ్ళకీ మనలాగే ఇంటిపేరు ముందు. స్లయిడ్ మీద అలాగే ఉంచమనండి.